అమెరికాలో స్టేటస్ చెడకుండా ఎఫ్-1 నుంచి గ్రీన్‌కార్డు దాకా వెళ్లడం ఎలా

"మీ వీసా ఎప్పటిదాకా ఉంది?" అని అడిగితే చాలామంది పాస్‌పోర్టు తెరిచి స్టాంపింగ్ మీద ఉన్న తేదీ చదువుతారు. మీరు అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో ఆ తేదీ చెప్పదు. విమానం దిగి, సరిహద్దు అధికారి ముందు నిలబడి లోపలికి రానివ్వమని అడగడానికే స్టాంపు. లోపలికి వచ్చాక లెక్క మొత్తం ఐ-94ది, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డుది. స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 చెల్లుతూ, చదువో ఉద్యోగమో రూల్స్ ప్రకారం సాగుతూ ఉంటే మీకు ఏ ఇబ్బందీ లేదు. స్టాంపు ఇంకా రెండేళ్లు ఉండి, ఐ-94 నిన్నటితో అయిపోతే మాత్రం ఇవాళ్టి నుంచి మీరు అక్రమంగా ఉన్నట్టే.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మాస్టర్స్‌కి వచ్చి, ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి), హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీదుగా గ్రీన్‌కార్డుకి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమెరికన్ పౌరులతో పెళ్లి, ఎల్-1 (కంపెనీ లోపలి బదిలీ వీసా), ఈబీ-5 పెట్టుబడి వంటి దారులు కూడా ఉన్నాయి కానీ మనవాళ్లలో ఎక్కువమంది నడిచేది ఈ దారే. 2025లో ఈ రూల్స్ చాలా మారాయి, ఇంకా మారుతున్నాయి. అందుకే టికెట్ కొనేముందు, రాజీనామా చేసేముందు, ఏ ఫారం అయినా పంపేముందు ఆ రోజు యూఎస్‌సీఐఎస్ (వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఏముందో చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో చదివినది సరిపోదు.

దిగిన వారంలోనే ఐ-94 తీసి చూసుకోండి

సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే ఐ-94 ఉచితంగా వస్తుంది. పీడీఎఫ్ దింపుకుని దాచుకోండి. ఊరు వెళ్లి తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త ఐ-94 వస్తుంది కాబట్టి, ప్రతిసారీ ఈ పని చేయాలి.

అందులో మూడు చూడాలి. మొదటిది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటే, అమెరికా వీసాలో అది ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి అసలు పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, అన్నిచోట్లా అదే పేరు వెంటబడుతుంది. కాబట్టి ఇండియాలో ఉన్నప్పుడే పాస్‌పోర్టు సరిచేయించుకుని రావడం మంచిది. రెండోది, ఏ కేటగిరీలో లోపలికి రానిచ్చారన్నది: ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య/భర్త, పిల్లలు). మూడోది గడువు తేదీ. విద్యార్థులకు ఇక్కడ తేదీకి బదులు "డి/ఎస్" అని ఉంటుంది. అంటే చదువు, దాని తర్వాతి అనుమతులు సక్రమంగా సాగినంతకాలం ఉండొచ్చని.

హెచ్-1బి వాళ్లకు మాత్రం తేదీ ఉంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకి మీ హెచ్-1బి అప్రూవల్ 2028 సెప్టెంబరు దాకా ఉంది, స్టాంపింగ్ కూడా అంతే. కానీ పాస్‌పోర్టు 2027 మార్చిలో అయిపోతుంది. ఎయిర్‌పోర్టులో అధికారి ఐ-94ని ఆ మార్చి తేదీకే కత్తిరించి ఇవ్వొచ్చు. మీరు చూసుకోరు. పాస్‌పోర్టు రెన్యూ చేసుకుంటారు, పని చేసుకుంటూ పోతారు. ఏడాదిన్నర తర్వాత ఎక్స్‌టెన్షన్ వేసేటప్పుడు లాయర్ ఐ-94 అడిగితే అప్పుడు తెలుస్తుంది, గడువు ఎప్పుడో దాటిపోయిందని. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వదిలితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం ఉంటుంది. ఇది 1996 చట్టం నుంచి ఉన్న రూలే. పాస్‌పోర్టు రెన్యూ చేసినంత మాత్రాన ఐ-94 తేదీ పెరగదు. కొత్త పాస్‌పోర్టుతో బయటికి వెళ్లి తిరిగి రావాలి, లేదా పాత తేదీ దాటకముందే కంపెనీతో ఎక్స్‌టెన్షన్ వేయించాలి. అధికారి పొరపాటున తప్పు తేదీ వేస్తే సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్తే సరిచేస్తారు.

ఇంకొకటి. హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయితే ఐ-797 అప్రూవల్ నోటీసు అడుగున కొత్త ఐ-94 ఉంటుంది. దాని తర్వాత దేశం దాటి వస్తే ఎయిర్‌పోర్టులో ఇచ్చినదే లెక్క. రెండిట్లో ఏది తాజాదో అదే చెల్లుతుంది, పెద్ద తేదీ ఉన్నది కాదు.

చదువుకునే రోజుల్లో

కోర్సు లోడు పూర్తిగా ఉంచుకోండి. తగ్గించాల్సి వస్తే ముందు యూనివర్సిటీలో డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోండి, తర్వాత కాదు. ఇల్లు మారితే పది రోజుల్లోగా చెప్పండి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ మీద వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు.

క్యాంపస్ బయట క్యాష్ జాబ్ గురించి సూటిగా చెప్తాను: చేయకండి. బంకులోనో, రెస్టారెంట్లోనో "అందరూ చేస్తున్నారు, ఎవరూ అడగరు" అంటారు. నిజమే, చాలాసార్లు ఆ రోజు ఎవరూ అడగరు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 మాత్రం అడుగుతుంది, అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని. అప్పటికి ఇల్లు కొనుక్కుని, పిల్లలు బడికి వెళ్తూ ఉంటారు.

చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ (కోర్సులో భాగంగా పని చేసే అనుమతి) ఇస్తామని పిలిచే కాలేజీలతోనూ జాగ్రత్త. సీపీటీ చట్టబద్ధమే. కానీ క్లాసులకు వెళ్లకుండా, ఉద్యోగం కోసమే చేరినట్టు కనిపిస్తే తర్వాత హెచ్-1బి దశలో ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది, అసలు చదివారా అని ఆధారాలు అడుగుతారు. పైగా 12 నెలల ఫుల్‌టైమ్ సీపీటీ వాడేస్తే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ పోతుంది.

ఓపీటీ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి

కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు ఓపీటీ దరఖాస్తు ఐ-765 వేయొచ్చు. డీఎస్‌వో సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థలో) సిఫారసు పెట్టాక 30 రోజుల్లోపు దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. ఆ 30 రోజుల రూలు తెలియక తిరస్కరణ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ముందుగా వేయడమే మంచిది, ఎందుకంటే ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికొచ్చి, దాని మీద ఉన్న మొదలు తేదీ వచ్చేదాకా ఒక్కరోజు కూడా పని చేయకూడదు.

ఓపీటీ 12 నెలలు. అందులో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే మరో 24 నెలలు దొరుకుతాయి, నిరుద్యోగ రోజుల పరిమితి అంతా కలిపి 150 అవుతుంది. స్టెమ్‌కి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి, జీతం ఇవ్వాలి. మొదటి ఓపీటీ గడువులోపే స్టెమ్ దరఖాస్తు వేస్తే, నిర్ణయం వచ్చేదాకా 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు.

90 రోజులు దగ్గరపడుతుంటే టెన్షన్‌లో కొందరు పేరుకి ఒక కన్సల్టెన్సీ ఆఫర్ లెటర్ తెచ్చుకుని సెవిస్‌లో ఎక్కిస్తారు. పని ఉండదు, జీతం ఉండదు, ఎదురు డబ్బే కట్టాలి. ఇది స్టేటస్‌ని కాపాడదు. ఆ కంపెనీ మీద ఎప్పుడైనా విచారణ వస్తే, దాని పేరు రికార్డులో ఉన్న ప్రతివాళ్లకీ ఆ మచ్చ అంటుకుంటుంది. అంతకంటే, మీ చదువుకి సంబంధించిన పనిలో వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా మొదటి ఏడాది ఓపీటీలో లెక్కకొస్తుంది. కార్మిక చట్టాలు ఒప్పుకునే చోట అయితే చాలు. స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో ఈ వెసులుబాటు లేదు.

హెచ్-1బి లాటరీ

ఏటా ఇచ్చే హెచ్-1బిలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. మార్చిలో కంపెనీ మీ పేరు రిజిస్టర్ చేస్తుంది, రుసుము 215 డాలర్లు. పిక్ అయితే పిటిషన్ వేస్తారు, అప్రూవ్ అయితే అక్టోబరు 1 నుంచి మొదలు. 2024 నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకటే లెక్క. కాబట్టి నాలుగు కన్సల్టెన్సీలతో వేయించుకుంటే అవకాశం పెరుగుతుందన్న మాట పాతబడిపోయింది. 2026 మార్చి రిజిస్ట్రేషన్ నుంచి జీతం స్థాయిని బట్టి బరువు వేస్తున్నారు: నాలుగో లెవెల్ జీతమైతే పేరు నాలుగుసార్లు, ఒకటో లెవెల్ అయితే ఒక్కసారే. ఆఫర్ మాట్లాడుకునేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలకు అసలు లాటరీయే లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు.

ఓపీటీ మధ్యలో అయిపోయి, ఛేంజ్ ఆఫ్ స్టేటస్ (దేశంలో ఉండగానే ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారడం) కోరుతూ వేసిన పిటిషన్ పెండింగ్‌లో ఉంటే క్యాప్-గ్యాప్ కింద కొనసాగవచ్చు. 2025 జనవరిలో దీన్ని, హెచ్-1బి మొదలవ్వాల్సిన అక్టోబరు తర్వాత వచ్చే ఏప్రిల్ 1 దాకా పొడిగించారు.

పిటిషన్ మీద నిర్ణయం రాకముందు మాత్రం దేశం దాటకండి. బయటికి వెళ్తే ఛేంజ్ ఆఫ్ స్టేటస్ వదిలేసుకున్నట్టు లెక్క. అప్పుడు కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని రావాలి. ఇదివరకు ఇది చిన్న చికాకు మాత్రమే. 2025 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన అధ్యక్ష ప్రకటనతో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలి. దేశంలోపల స్టేటస్ మార్చుకునేవాళ్లకు, ఎక్స్‌టెన్షన్లకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో చెప్పింది, కానీ నిర్ణయం వచ్చేలోపు దేశం వదిలినవాళ్లకు వర్తిస్తుందనీ చెప్పింది. చెల్లెలి పెళ్లికి వారం రోజులు వెళ్లొద్దామనుకునేవాళ్లు ముందు లాయర్‌ని అడగాలి.

డబ్బు విషయం. హెచ్-1బి పిటిషన్ రుసుములు, దాని లాయర్ ఖర్చు కంపెనీ వ్యాపార ఖర్చు. మీ దగ్గర వసూలు చేసి, దానివల్ల జీతం నిర్ణీత వేతనం కంటే తగ్గేలా చేయకూడదు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం కూడా చట్టవిరుద్ధమే. పే స్టబ్స్‌లో ఖాళీ కనబడితే తర్వాత ట్రాన్స్‌ఫర్‌లో మీకే కష్టం. జీతం ఎగ్గొడితే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు.

ఉద్యోగం పోతే

లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు మొదట అడగాల్సింది సెవరెన్స్ ఎంత అని కాదు, ఉద్యోగంలో నా చివరి తేదీ ఏది అని. హెచ్-1బి వాళ్లకు ఆ తేదీ నుంచి 60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అది. సెవరెన్స్ మూడు నెలలు ఇచ్చినా ఆ మూడు నెలలూ లెక్కలోకి రావు. సాధారణంగా జీతం చెల్లించిన చివరి పనిరోజే లెక్క. హెచ్‌ఆర్‌తో బేరమాడే అవకాశం ఉంటే, ఆ డబ్బులో కొంత భాగాన్ని పేరోల్ మీద కొనసాగించమని, చివరి తేదీని తర్వాతికి జరపమని అడగండి. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. అడిగితే పోయేదేం లేదు.

ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. అప్రూవల్ అక్కర్లేదు, చేరితే చాలు, పనిలో చేరొచ్చు. ఆఫర్ వచ్చాక కంపెనీ కార్మిక శాఖ నుంచి తేవాల్సిన ఎల్‌సీఏకే ఏడు పనిరోజులు పడుతుంది కాబట్టి నిజంగా చేతిలో ఉండేది 45 రోజులే అనుకోండి. 40వ రోజుకి ఆఫర్ కనిపించకపోతే రెండో దారికి తిరగాలి. భార్యో భర్తో హెచ్-1బి మీద ఉంటే స్టేటస్ మార్చే ఫారం ఐ-539తో హెచ్-4కి మారడం అన్నిటికన్నా తేలిక. లేదంటే సందర్శకుల స్టేటస్ బి-2కి వేసుకుంటారు, కానీ అది పెండింగ్‌లో ఉండగా పని చేయకూడదు. కంపెనీ మిమ్మల్ని తీసేస్తే, మీరు దేశం తిరిగి వెళ్లాలనుకుంటే టికెట్ ఖర్చు ఇవ్వాల్సింది కూడా కంపెనీయే. అడిగేవాళ్లే తక్కువ.

గ్రీన్‌కార్డు పని ముందే మొదలుపెట్టించండి

హెచ్-1బి మొత్తం ఆరేళ్లు. దేశం బయట గడిపిన రోజులు తిరిగి కలుపుకోవచ్చు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. ఆరేళ్లు దాటి ఉండాలంటే పెర్మ్ (గ్రీన్‌కార్డులో మొదటి మెట్టు) దరఖాస్తు వేసి కనీసం 365 రోజులు కావాలి, అప్పుడు ఏడాది చొప్పున ఇస్తారు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయి, డేట్ కరెంట్ కాకపోతే, అంటే మీ వంతు రాకపోతే, మూడేళ్ల చొప్పున ఇస్తారు.

పెర్మ్ అంటే ఈ ఉద్యోగానికి అర్హులైన అమెరికన్ కార్మికులు దొరకలేదని కంపెనీ కార్మిక శాఖకు చూపించడం. ముందు ప్రివెయిలింగ్ వేజ్ (ఆ ఉద్యోగానికి నిర్ణీత వేతనం) తెచ్చుకోవాలి, తర్వాత రెండు ఆదివారాలు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, రాష్ట్ర ఉపాధి సంస్థలో 30 రోజుల జాబ్ ఆర్డర్ పెట్టాలి, అప్పుడు దరఖాస్తు. ఇదంతా పూర్తయ్యేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలైపోయింది. పైగా కంపెనీ గత ఆరు నెలల్లో అదే తరహా ఉద్యోగులను తీసేసి ఉంటే ముందు వాళ్లను పరిగణించాలి కాబట్టి, లేఆఫ్‌లు జరిగిన చోట పెర్మ్‌లు ఆగిపోతాయి. అందుకే హెచ్-1బి వచ్చిన మొదటి రెండేళ్లలోనే మేనేజర్‌ని అడగండి. ఇంటర్వ్యూ దశలోనే "మీ గ్రీన్‌కార్డు పాలసీ ఏంటి, ఎన్ని నెలలకి మొదలుపెడతారు" అని రాతపూర్వకంగా తెలుసుకుంటే ఇంకా మంచిది. పెర్మ్ ఖర్చంతా, లాయర్‌తో సహా, కంపెనీయే పెట్టాలి. ఇందులో మినహాయింపు లేదు.

పెర్మ్ వేసిన తేదీయే మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం. ఉద్యోగ కోటాలో ఏటా సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించకుండా ఇస్తారు. భారత్‌లో పుట్టినవాళ్లకు ఈబీ-2, ఈబీ-3 ఉద్యోగ కేటగిరీల్లో నిరీక్షణ పదేళ్లు దాటిపోయింది అందుకే. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా చూసేది పుట్టిన దేశమే. మీ భార్య లేదా భర్త దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో పుట్టి ఉంటే ఆ దేశం కోటాలో వెళ్లొచ్చు. లాయర్లు అడగడం మరిచిపోయే ప్రశ్న ఇది, మీరే చెప్పండి.

కంపెనీ మారితే పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయాలి, కానీ పాత ఐ-140 అప్రూవ్ అయి ఉంటే ప్రయారిటీ డేట్ మీ వెంటే వస్తుంది. పాత ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు నిండితే, పాత కంపెనీ ఉపసంహరించుకున్నా దాని మీద హెచ్-1బి ఎక్స్‌టెన్షన్లు తీసుకోవచ్చు. 150వ రోజున మంచి ఆఫర్ వస్తే, ఇంకో నెల ఆగి చేరతానని చెప్పడమే నా సలహా. ఐ-140 నోటీసు కాపీ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే కనీసం రిసీట్ నంబరైనా రాసిపెట్టుకోండి.

ఇంట్లోవాళ్ల కాగితాలు వేరే

మీ హెచ్-1బి ఎక్స్‌టెన్షన్‌తో హెచ్-4 దానంతటదే పెరగదు. వాళ్లకు విడిగా ఐ-539 వేయాలి. కంపెనీ లాయర్ మీది మాత్రమే చూసి వదిలేయొచ్చు, అది వాళ్ల తప్పు కూడా కాదు. ఇంట్లో ఒక కాగితం మీద అందరి ఐ-94 తేదీలూ రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

మీ ఐ-140 అప్రూవ్ అయితే 2015 నుంచి హెచ్-4 వాళ్లకు ఈఏడీ దొరుకుతోంది. అయితే 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు గడువు అయిపోయి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి ఉద్యోగం ఆపాలి. కాబట్టి గడువుకి 180 రోజుల ముందు, వీలున్న మొదటి రోజే వేయండి.

పిల్లలకు 21 నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. ఐ-140 ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు వయసులోంచి తీసేసే లెక్క ఒకటుంది, సీఎస్‌పీఏ అంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఈ లెక్కకు, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఫైనల్ యాక్షన్ డేట్స్ పట్టికనే చూస్తున్నారు. పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చేసరికే ఈ లెక్క వేయించుకోండి, ఎఫ్-1కి మారే ఏర్పాటుకి సమయం దొరుకుతుంది.

స్టాంపింగ్‌కి వెళ్లేముందు

2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో వేసే వెసులుబాటు చాలావరకు పోయింది, సొంత దేశంలోనో నివసించే దేశంలోనో మాత్రమే అపాయింట్‌మెంట్ తీసుకోమంటున్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు. అప్పుడు ఇండియాలో చాలా అపాయింట్‌మెంట్లు నెలలకు నెలలు వాయిదా పడ్డాయి. తప్పనిసరైతే వెళ్లండి, కానీ ఎక్కువ రోజులు చిక్కుకుపోతే ఇండియా నుంచి పని చేయనిస్తారా అని కంపెనీని ముందే అడిగి వెళ్లండి.

డేట్ కరెంట్ అయ్యాక

ప్రతినెలా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ వస్తుంది. రెండు పట్టికల్లో ఆ నెల ఏది వాడాలో యూఎస్‌సీఐఎస్ చెప్తుంది. మీ తేదీ అందులోకి వస్తే ఐ-485, దాంతోపాటు ఈఏడీకి ఐ-765, ప్రయాణానికి ఐ-131. 2024 డిసెంబరు 2 నుంచి మెడికల్ ఐ-693 కూడా మొదటే జతచేయాలి. జనన ధృవీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోండి. పుట్టినప్పుడు నమోదు చేయించని కేసుల్లో మున్సిపాలిటీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, పెద్దవాళ్ల అఫిడవిట్లు తేవడానికి నెలలు పడుతుంది.

ఐ-485 పెండింగ్‌లో 180 రోజులు నిండాక, ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, అదే తరహా ఉద్యోగానికి సప్లిమెంట్ జె ఫారంతో మారొచ్చు. అడ్వాన్స్ పెరోల్ (ఐ-131తో వచ్చే ప్రయాణ అనుమతి) లేకుండా దేశం వదిలితే దరఖాస్తు రద్దయినట్టే. హెచ్-1బి, హెచ్-4 చెల్లుతూ ఉండి, ఆ వీసాతోనే తిరిగొస్తే మాత్రం పరవాలేదు. అందుకే ఈఏడీ వచ్చింది కదా అని హెచ్-1బిని వదిలేయకండి. ఐ-485 తిరస్కరిస్తే నిలబడటానికి అదొక్కటే ఉంటుంది. ఇల్లు మారితే పది రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 వేయండి, లేకపోతే కార్డు పాత ఇంటికి పోతుంది.

కార్డు వచ్చాక పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో చూసుకోండి. తర్వాత సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి, ఆ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద "డీహెచ్‌ఎస్ అనుమతితో మాత్రమే పనికి చెల్లుతుంది" అన్న మాట తీయించండి. 18 నుంచి 25 ఏళ్ల అబ్బాయిలు ఉంటే సెలెక్టివ్ సర్వీస్‌లో (సైనిక సేవ జాబితాలో) నమోదు అయ్యారో లేదో చూసుకోండి, సిటిజన్‌షిప్ అప్పుడు అడుగుతారు. ఐదేళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేసేటప్పుడు దేశం బయట గడిపిన ప్రతి ప్రయాణం తేదీలతో రాయాలి, ఆరు నెలలు దాటిన ప్రయాణానికి సంజాయిషీ ఇవ్వాలి. కాబట్టి యూనివర్సిటీ ఇచ్చిన మొదటి ఐ-20 పత్రం నుంచి ఇప్పటిదాకా ఉన్న పాత పాస్‌పోర్టులు, ఐ-797లు, పే స్టబ్‌లు ఏవీ పారేయకండి.